మీకు తెలుసా? ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ ఆయిల్ మరిగిపోవచ్చు!

రాయచోటి నుంచి కడపకు వచ్చేవాళ్లు గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని ఘాట్ దిగడం మొదలెడతారు. మే నెల మధ్యాహ్నం, పాత అంబాసిడర్, బండి నిండా జనం అనుకోండి. డ్రైవరు టాప్ గేరులోనే ఉంచి, బ్రేకు మీంచి కాలు తీయకుండా దిగుతుంటాడు. కొన్ని మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడి, చివరికి నేలకు ఆనుతుంది. ఎలాగో పక్కన ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. మెకానిక్ ఎంత వెతికినా లీకు కనిపించదు.

డ్రమ్ముల వేడికి వీల్ సిలిండర్లలో బ్రేక్ ఆయిల్ మరిగిందన్నమాట. ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకుపోదు కాబట్టే కాలి బలం చక్రం దాకా చేరుతుంది. అందులో ఆవిరి బుడగలు పుట్టాయంటే ఆ బలమంతా బుడగలను అణచడానికే సరిపోతుంది.

కొత్త డబ్బాలోని డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి 3.7 వంతుల నీరు కలిస్తే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. వాన కోసం మొగులు చూసే సీమలో బ్రేకులోకి నీళ్లెలా వచ్చాయంటారా? ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బండిలోని బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూతకున్న సన్నరంధ్రం నుంచీ, రబ్బరు గొట్టాల గుండానూ తేమ చేరుతుంది. పొడిగాలి ఆ పనిని కాస్త ఆలస్యం చేస్తుందంతే. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు. మూత తీసి నెలల తరబడి షెల్ఫులో పెట్టిన సగం డబ్బా కూడా పనికిరాదు.

నీటి రెండో దెబ్బ తుప్పు. పోత ఇనుప సిలిండర్ లోపలి గోడకు గుంటలు పడతాయి. చవకగా వస్తుందని రబ్బరు వాషర్ల కిట్ ఒక్కటే వేస్తే, ఆ గుంటల అంచులు కొత్త వాషర్లను కోసేస్తాయి. ఎమ్రీ కాగితంతో రుద్ది సరిపెట్టే అలవాటు మనవైపు బాగా ఉంది. గోడ మీద గోటితో గీసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టిందంటే సిలిండరే మార్చాలి. ఇక్కడ పీనాసితనం కూడదు: పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను, ఒక్కచోట కారినా మొత్తం బ్రేకులు పోతాయి.

కిట్ వేసేముందు భాగాలను పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగితే రబ్బరు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. దారిలో ఆయిల్ తగ్గిందని ఇంజిన్ ఆయిల్ పోసినా అంతే. అప్పుడు లైనంతా కడిగి, ఉన్న ప్రతి రబ్బరునూ మార్చక తప్పదు.

ఫ్రాన్సు వాళ్ల సిట్రోయెన్ కారులో మాత్రం సరిగ్గా దీనికి తలకిందులు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌కు స్ప్రింగులే లేవు. ఒక్కో చక్రానికి ఒక్కో ఇనుప గోళం, అందులో రబ్బరు పొరకు ఒకవైపు నైట్రోజన్, మరోవైపు ఆయిల్. జనం ఎక్కి బండి కుంగితే ఒక వాల్వు తెరుచుకుని, పంపు నుంచి ఆయిల్ వచ్చి బండిని మళ్లీ మునుపటి ఎత్తుకు లేపుతుంది. బ్రేకులకూ ఆ పంపే ఆధారం. మొదట్లో వాడిన ఆయిల్ తేమ పీల్చి లోపలి భాగాలను తుప్పు పట్టిస్తుంటే, 1960ల మధ్యలో కంపెనీ ఆకుపచ్చ రంగు మినరల్ ఆయిల్‌కు మారింది. ఇందులో మన బ్రేక్ ఆయిల్ పోస్తే దాని రబ్బర్లు పాడైపోతాయి! రోల్స్‌రాయిస్‌లోనూ ఇదే చిక్కు. సిట్రోయెన్ ఎత్తు సరిచేసే పద్ధతికి లైసెన్సు తీసుకుని 1965లో వచ్చిన సిల్వర్ షాడోకు బ్రేక్ ఆయిల్, 1980 నాటి సిల్వర్ స్పిరిట్‌కు మినరల్ ఆయిల్. రిపేరుకు కూర్చునేముందు ఏ మోడలో చూసుకోకపోతే కొంప మునిగినట్టే. సిట్రోయెన్ గోళాల్లోని నైట్రోజన్ కూడా ఏళ్ల మీద మెల్లగా జారిపోతుంది. అప్పుడు గ్యాస్ నింపించాలి, లేదా గోళం మార్చాలి.

మన బళ్లకు అంత వైభవం లేదు. బరువుకు వెనక కుంగుతోందంటే కమాన్లకు ఇంకో పట్టీ వేయిస్తాం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని జీపుల్లో, వ్యాన్లలో వెనక ఇరుసు నుంచి బ్రేకు వాల్వుకు ఒక చిన్న రాడ్డు ఉంటుంది. బండి కుంగినకొద్దీ అది వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. పట్టీలు పెంచాక బండి కుంగదు కదా, వాల్వు దృష్టిలో అది ఖాళీ బండే! నిండా బరువున్నా వెనక బ్రేకులు అరకొరగానే పడతాయి. కమాన్ల పని చేయించిన రోజే ఆ రాడ్డును కూడా కొత్త ఎత్తుకు సరిచేయించాలి.