ఇంటి స్టూడియోలో డ్రమ్స్ రికార్డింగు

ఇంటి స్టూడియోలో డ్రమ్స్ రికార్డింగు అనగా వృత్తి స్టూడియోకు వెళ్ళకుండా, ఇంటిలోని ఒక గదిలో మైక్రోఫోనులు, ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటరు సహాయంతో డ్రమ్ సెట్టు ధ్వనిని గ్రహించి భద్రపరచడం. గాత్రానికి, గిటారుకు ఒకటి రెండు మైకులు సరిపోతాయి. డ్రమ్ సెట్టు అటువంటిది కాదు. బేస్ డ్రమ్, స్నేర్, టామ్‌లు, ఫ్లోర్ టామ్, హై-హ్యాట్, సింబల్స్ కలిసిన సముదాయానికి ఒకే వాద్యమని పేరు. కనుక దీనికి కావలసిన పరికరాల సంఖ్య ఎక్కువ, ఎంపికలో పొరపాటు జరిగితే నష్టమూ ఎక్కువే. డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందుగా గదిని, తరువాత ఇంటర్‌ఫేస్‌ను, ఆ తరువాతనే మైకులను గురించి ఆలోచించడం మంచిది. అంగడిలో మాత్రం ఈ వరుస సాధారణంగా తిరగబడుతుంది.

గది ప్రభావం

మైకు వాద్యాన్ని మాత్రమే వినదు, గదిని కూడా వింటుంది. ఎదురెదురు గోడల మధ్య ధ్వని పరావర్తనం చెందుతూ కొన్ని పౌనఃపున్యాల వద్ద అనునాదం కలిగిస్తుంది. వీటిలో అతి తక్కువ పౌనఃపున్యాన్ని కనుగొనుటకు ధ్వని వేగాన్ని (20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు) గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. మన ఇళ్ళలో 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది సర్వసాధారణం. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే మూడు దిశలలోనూ అనునాదం సుమారు 56 హెర్ట్జ్ వద్దనే ఏర్పడుతుంది. బేస్ డ్రమ్ మూలస్వరం కూడా చాలావరకు ఈ ప్రాంతంలోనే ఉంటుంది. ఫలితంగా ఒకచోట పెట్టిన మైకులో బేస్ డ్రమ్ మ్రోత ఉబ్బినట్లు, మరొకచోట పూర్తిగా అణగిపోయినట్లు నమోదవుతుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా ఈ దోషం పోదు.

అందువలన అవకాశముంటే పొడవు, వెడల్పు, ఎత్తు వేరువేరుగా ఉన్న గదిని ఎంచుకోవాలి. సిమెంటు గోడలు, గచ్చు నేల ధ్వనిని దాదాపుగా పీల్చుకోవు. నేలపై మందపాటి తివాచీ, మూలలలోను వాద్యం పైకప్పు వద్దను 10 సెంటీమీటర్ల మందం గల రాతి ఉన్ని పలకలు అమర్చితే ప్రతిధ్వని చాలా తగ్గుతుంది. పలుచని స్పాంజి పలకలు హెచ్చు పౌనఃపున్యాలను మాత్రమే పీల్చుకుంటాయి, కనుక బేస్ సమస్యకు అవి పరిష్కారం కావు. గుడ్ల అట్టలతో ప్రయోజనం ఇంకా తక్కువ.

మంచి గది ఎంత పని చేయగలదో తెలుపుటకు లెడ్ జెపెలిన్ బృందం 1971లో విడుదల చేసిన "వెన్ ద లెవీ బ్రేక్స్" పాటను ఉదాహరణగా చెబుతారు. ఇంగ్లండులోని హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవనంలో జాన్ బోన్‌హామ్ డ్రమ్స్‌ను మెట్ల హాలులో ఉంచి, ఇంజనీరు ఆండీ జాన్స్ పై అంతస్తు నుండి రెండు మైకులతో ఆ ధ్వనిని గ్రహించాడు. తరువాత ఎకో, కంప్రెషన్ తోడైనప్పటికీ ఆ గంభీరతకు మూలం ఆ హాలే.

మైక్రోఫోను రకాలు

డైనమిక్ మైకులు దృఢమైనవి, అధిక తీవ్రతను తట్టుకొంటాయి. స్నేర్, టామ్‌లకు ఇవే అనుకూలం. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎం57 నేటికీ స్నేర్‌కు సాధారణంగా వాడబడుతోంది. బేస్ డ్రమ్ కొరకు ఏకేజీ డి112, షూర్ బీటా 52ఏ వంటి పెద్ద పొర గల డైనమిక్ మైకులు ప్రత్యేకంగా కలవు.

కండెన్సర్ మైకులు సింబల్స్ యొక్క సూక్ష్మమైన హెచ్చు పౌనఃపున్యాలను చక్కగా గ్రహిస్తాయి. కనుక వాద్యానికి పైన ఉంచే ఓవర్‌హెడ్ మైకులుగా ఇవి తగినవి. వీటికి ఇంటర్‌ఫేస్ నుండి 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు అవసరం. కొనే ముందు ఆ మైకు తట్టుకోగల గరిష్ఠ ధ్వని తీవ్రతను చూడాలి. స్నేర్‌కు అతి దగ్గరలో ఈ తీవ్రత 130 డెసిబెల్స్ దాటవచ్చును.

ఎన్ని మైకులు?

ఏడెనిమిది మైకులు కలిపి పెట్టెలో అమ్మే సెట్టులు చూపులకు లాభసాటిగా కనబడతాయి. వాటిలోని ఓవర్‌హెడ్ మైకులు నాసిరకంగా ఉంటే లాభమేమీ లేదు, ఎందుకనగా మొత్తం వాద్యం స్వరూపం ఓవర్‌హెడ్‌లలోనే ఏర్పడుతుంది. అదే సొమ్ముతో మంచి కండెన్సర్ మైకులు రెండు, బేస్ డ్రమ్‌కు ఒకటి, స్నేర్‌కు ఒకటి కొనుట మేలు.

నాలుగు మైకులతో చేయదగిన పద్ధతులలో ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు గ్లిన్ జాన్స్ పేరు మీద ఉన్నది ప్రసిద్ధమైనది (ఇతడు పైన చెప్పిన ఆండీ జాన్స్‌కు అన్న). ఇందులో ఒక ఓవర్‌హెడ్ మైకును స్నేర్‌కు సూటిగా పైన సుమారు ఒక మీటరు ఎత్తున ఉంచుతారు. రెండవదానిని ఫ్లోర్ టామ్ ప్రక్కన, దాని అంచుకు కొద్దిగా ఎత్తులో, స్నేర్ వైపు చూచునట్లు ఉంచుతారు. రెండు మైకులూ స్నేర్ మధ్యభాగానికి సమాన దూరంలో ఉండాలి. పురికొస ఒకటి ఉంటే ఈ కొలత సులభం.

దశాభేదం

సమాన దూరం ఎందుకన్నది విద్యార్థులు భౌతికశాస్త్రంలో చదివే తరంగ వ్యతికరణమే. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఒక మైకు రెండవదానికంటే 17 సెంటీమీటర్లు దూరంగా ఉంటే అదే దెబ్బ అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండింటినీ కలిపినప్పుడు 1000, 3000, 5000 హెర్ట్జ్ వద్ద తరంగాలు పరస్పరం తగ్గించుకొంటాయి, 2000, 4000 వద్ద పెరుగుతాయి. వినుటకు స్నేర్ పలుచగా, డొల్లగా ఉంటుంది. మైకుల సంఖ్య పెరిగేకొద్దీ ఇటువంటి జతలు పెరుగుతాయి. నాలుగు మైకులలో 6 జతలు, ఎనిమిదింటిలో 28 జతలు ఉంటాయి. స్నేర్‌కు పైన, క్రింద మైకులు ఉంచినపుడు చర్మం కదలిక రెండింటికీ వ్యతిరేక దిశలలో ఉంటుంది గనుక, ఒకదాని ధ్రువతను తారుమారు చేయాలి. దీనికి ఇంటర్‌ఫేస్‌లోగాని సాఫ్ట్‌వేరులోగాని ఒక మీట ఉంటుంది.

ఆడియో ఇంటర్‌ఫేస్

ఒకేసారి ఎన్ని మైకులు గ్రహించవచ్చునన్నది ఇంటర్‌ఫేస్‌లోని మైకు ప్రీయాంప్లిఫయర్ల సంఖ్య నిర్ణయిస్తుంది. పెట్టెపై "8 ఇన్‌పుట్లు" అని వ్రాసి ఉన్నా వాటిలో మైకు కొరకు ఉన్నవి రెండే కావచ్చును, మిగిలినవి లైను లేదా డిజిటల్ ఇన్‌పుట్లు కావచ్చును. కొనేముందు ఈ ఒక్క సంగతి విచారించుకోవలెను. నాలుగు ప్రీయాంప్లిఫయర్లు కనీసం అవసరం. ఏడాట్ ఆప్టికల్ ద్వారం కూడా ఉన్నట్లయితే తరువాత ఎప్పుడైనా మరొక 8 ఛానళ్ళు చేర్చుకోవచ్చును.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఇంటి అవసరాలకు చాలును. ఈ లెక్కన 8 ఛానళ్ళకు నిమిషానికి సుమారు 69 మెగాబైట్ల స్థలం పడుతుంది. 24 బిట్ వలన ప్రయోజనమేమనగా ధ్వనిస్థాయిని గరిష్ఠానికి 10-12 డెసిబెల్స్ తక్కువగా ఉంచినా నాణ్యత చెడదు. డ్రమ్మరు పాట మధ్యలో పరీక్ష సమయంలో కంటే గట్టిగా కొట్టుట సహజం. గరిష్ఠాన్ని దాటి తెగిపోయిన ధ్వనిని తరువాత పూర్తిగా బాగుచేయుట సాధ్యం కాదు.

చిన్న ఖర్చులు

ఓవర్‌హెడ్ మైకులకు బరువైన అడుగు గల స్టాండులు కావాలి. తేలికవి క్రిందపడితే మైకు పోతుంది. పాత డ్రమ్ చర్మాలు మార్చి శ్రుతి సరిచేయుటకయ్యే ఖర్చు ఏ మైకు కంటెను ఎక్కువ ఫలితమిస్తుంది. రికార్డింగు వేళ సీలింగు ఫ్యాను ఆపవలెను. ఇన్వర్టరు వలన గుయ్‌మను శబ్దం వస్తూంటే ల్యాప్‌టాపును బ్యాటరీపై నడుపవచ్చును.

చిన్న గదిలో డ్రమ్స్ ధ్వని సులభంగా 100 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలను పరిమితిగా సూచించింది. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఈ కాలం సగమవుతుంది. అనగా 100 డెసిబెల్స్ వద్ద 15 నిమిషాలు మాత్రమే. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోనులు అందుకే తప్పనిసరి. వాటి వలన మెట్రోనోము టక్‌టక్‌లు మైకులోకి చొరబడవు కూడా.

మృదంగం, డప్పు

మృదంగానికి రెండు మైకులు చాలును. కుడిమూతకు కండెన్సర్, ఎడమమూత అయిన తొప్పికి పెద్ద పొర గల మైకు, రెండూ సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచవచ్చును. ఇంకా దగ్గరకు జరిపితే తొప్పి నాదం సామీప్య ప్రభావం వలన అసహజంగా బరువెక్కుతుంది. డప్పుకు ఒక డైనమిక్ మైకు ఎదురుగా అర మీటరు దూరంలో ఉంటే సరిపోతుంది. చర్మాన్ని నిప్పుసెగకు కాచి బిగిస్తారు గనుక, చల్లబడేకొద్దీ దాని శ్రుతి దిగిపోతుంది. ప్రతి టేకుకు ముందు మరల కాచుకొనుటకు వీలుగా, గదికంటె పెరడు లేదా డాబాపై రికార్డు చేయుట అనుకూలం.