పట్టుపురుగుకు నొప్పి తెలుస్తుందా?

సరిహద్దు గ్రామాల పెళ్లిళ్లకు బరంపురం పట్టు కొత్త కాదు. గంజాం జిల్లాకే పేరు తెచ్చిన వస్త్రమది. అయితే మల్బరీ పట్టుదారం తెగకుండా రావాలంటే, చిలుక గూటిని ఛేదించుకొని బయటకు రాకముందే లోపలి ప్యూపాను ఆవిరితోనో, వేడిగాలితోనో చంపవలసి ఉంటుంది. "అప్పుడు దానికి నొప్పి పుట్టదా?" అని పిల్లలు అడిగితే పెద్దలు ఏమని చెప్పాలి?

ముందుగా మన సంగతి చూద్దాం. మిరపకాయ కొరికితే నోరు కాలినట్లు ఎందుకు మండుతుంది? నాడుల కొనలలో కొన్ని ప్రోటీన్లు తలుపుల వలె అమరి ఉంటాయి. అధిక వేడికీ, మిరప ఘాటుకూ తెరుచుకునే తలుపు ఒక్కటే. అది తెరుచుకోగానే సోడియం, కాల్షియం అయాన్లు లోనికి ప్రవేశించి విద్యుత్ సంకేతం పుడుతుంది. 1997లో ఈ ప్రోటీన్‌ను గుర్తించిన బృందానికి సారథి డేవిడ్ జూలియస్. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్లు వెన్నెముక లేని జీవులలోనూ ఉన్నాయి. మగ్గిన అరటిపండ్లపై ముసిరే చిన్న ఈగల పిల్లపురుగును వేడి కడ్డీతో తాకితే, అది పక్కకు పొర్లి తప్పించుకుంటుంది. 'పెయిన్‌లెస్' అనే జన్యువు చెడిన పురుగు ఆ విధంగా వెంటనే పొర్లజాలదని అమెరికా శాస్త్రజ్ఞులు 2003లో వెల్లడించారు. పట్టుపురుగులో గుడ్డు దశలోనే ఇటువంటి ఉష్ణగ్రాహక ప్రోటీన్ పనిచేస్తుందని జపాన్ పరిశోధకులు 2014లో తెలిపారు. అది సుమారు 21 డిగ్రీలు దాటితే స్పందిస్తుంది.

కనుక పట్టుపురుగుకు వేడిని గుర్తించే సాధనం ఉన్నదన్నది నిశ్చయం. కాని గుర్తించడం వేరు, బాధపడడం వేరు. కాలుతున్న పెనం తగిలితే మంట తెలియకముందే మన చేయి వెనక్కు వస్తుంది. ప్యూపా దశలో నాడీవ్యవస్థ సైతం మార్పు చెందుతూ ఉంటుంది. ఆ జీవికి బాధ అనే అనుభవం ఉన్నదా, లేదా అన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు.

తేలేవరకు వేచి ఉండనవసరం లేదని తలచినవారూ ఉన్నారు. తెలుగువారైన కుసుమ రాజయ్య, చిలుక ఎగిరిపోయిన గూళ్ల నుండి 'అహింసా పట్టు' తీసే విధానాన్ని ప్రాచుర్యంలోనికి తెచ్చారు. తెగిన పోగులను పత్తి వలె వడకవలసి వస్తుంది. అందుచేత మెరుపు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఆ అదనపు ధరను కొనేవారు భరించనిదే, మగ్గాన్ని నమ్ముకున్న నేత కుటుంబం ఆ దారాన్ని ఎన్నుకోజాలదు. పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పవలసినది నేతగాడు ఒక్కడే కాదు, చీర కొనే ఇంటివారు కూడా.