దైవసాక్షి లేని ధర్మం

నంద్యాల చుట్టూ నవనందులు. ఆళ్లగడ్డకు దాపున అహోబిలంలో నవనారసింహులు. అడుగడుగున దేవుడు వెలసిన ఈ సీమలో, దైవభయం పోయిన పిమ్మట మనిషికి నీతి నిలుస్తుందా అన్న ప్రశ్న వింతగా తోచవచ్చు. కాని ఆ ప్రశ్న అడుగదగినది ఇచ్చటనే. ఇదే సీమలో ముఠాకక్షలు తరతరాలుగా నెత్తురు పారించినవి. కత్తి పట్టినవాడును, కత్తికి బలియైనవాడును ఒకే గుడిమెట్లు ఎక్కినవారే. ఇదే సీమలో 1866 నాటి కరవున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజి కాచి పోసి వేలమంది ప్రాణాలు నిలిపినాడు. గుళ్లు అన్నివేళలా ఉన్నవి. ఆ గంజికీ ఈ నెత్తుటికీ నడుమ తేడా తెచ్చినది మరేదో కావలెను.

ఆ మరేదో వెదకుటకు కృష్ణాతీరానికి పోవలసి ఉన్నది. గోరా అని లోకమెరిగిన గోపరాజు రామచంద్రరావు (1902–1975) కాకినాడ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించేవారు. నాస్తికత్వం బాహాటంగా చాటినందుకు 1933లో ఆ కొలువు పోయినది. నోరు మెదపకున్న నిలిచేదే! నెలజీతం విలువ ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు గదా. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పి, 1947లో దానిని విజయవాడ పటమటకు తరలించినారు. అంటరానితనంపై పోరు సలిపే ఆ నాస్తికునికీ, రామనామం విడువని గాంధీజీకీ 1944లో సేవాగ్రామంలో మాట కలిసినది. అటుపిమ్మట గోరా తన కుమార్తెను, అంటరానిదిగా ఎంచబడిన కులపు యువకునికిచ్చి పెండ్లి చేయ నిశ్చయించగా, ఆ పెండ్లి తమ ఆశ్రమంలోనే జరిపింతుమని గాంధీజీ అన్నారు. దేవుని పేరు తొలగించి సత్యం పేరిట ప్రమాణం చేయించుటకును ఒప్పుకొన్నారు. సత్యమే దేవుడని 1931 నుండి చెప్పుచుండిన ఆయనకు అది కష్టం కాలేదు కాబోలు. 1948 జనవరి 30న ఆయన నేలకొరిగినారు. పెండ్లి మార్చిలో ఆ ఆశ్రమంలోనే జరిగినది.

గోరా ఆస్తిక కుటుంబంలో పెరిగినవాడే, ఆయన నీతి పెద్దలు కట్టియిచ్చిన మూటలోనిదే, తరువాతి తరానికి ఆ మూట ఖాళీ కాదా అని ఆస్తికుల ఆక్షేపణ. తేలికగా తోసివేయదగినది కాదిది. ఉప్పు సత్యాగ్రహపుటేట, 1930లో, పుట్టి లవణం అని పేరు పొందిన కుమారుడు దేవుడు లేని ఇంటనే పెరిగినాడు. ఆయనా, జాషువా కవి కుమార్తెయైన భార్య హేమలతా స్టువర్టుపురం పోయి, నేరస్థులని లోకం ముద్రవేసిన కుటుంబాల నడుమ ఏండ్ల తరబడి పనిచేసినారు. ఆ ఇంట మూట ఖాళీ కాలేదు. అయినను ఒక ఇంటి కథ లోకానికంతటికీ రుజువనలేము. పెక్కుమందికి దైవభయం ఇంకను ఊతకర్రయే. కర్ర లాగివేసినంత మాత్రాన నడక రాదు.

మరల ఆళ్లగడ్డకు వత్తము. అచ్చటి శిల్పులు విగ్రహాలకు పేరు పడినవారు. శిల్పి రాతిని సుత్తితో తట్టి నాదం వింటాడు. లోపల పగులున్న రాయి పూజామూర్తికి పనికిరాదని శిల్పశాస్త్రం. ఆ పగులు కొనువాని కంటికి కనబడదు. ప్రాణప్రతిష్ఠ ఇంకను జరుగలేదు. రాతిలోనుండి చూచుటకు దేవుడింకను రాలేదు. శిల్పి ఆస్తికుడే, కాని అప్పుడు అతడు వినేది రాతి చప్పుడు మాత్రమే. నాదం తేడాగా వినబడినదా, ఆ రాతిని పక్కకు నెట్టి మరొకటి తెచ్చుకొంటాడు.