గాలివాటం, నేలవాటం

2020 జూన్ 27న నంద్యాల శివారులోని ఎస్పీవై ఆగ్రో కర్మాగారంలో అమ్మోనియా లీకై ఒక ఉన్నతోద్యోగి మరణించగా, మరికొందరు అస్వస్థులయ్యారు. ఇటువంటి దుర్ఘటనల తరువాత చర్చ వాల్వుల చుట్టూ, మాస్కుల చుట్టూ తిరుగుతుందే తప్ప, లోపలికి వెళ్లిన సిబ్బంది ఒంటికీ దుస్తులకూ అంటిన రసాయనాన్ని ఎక్కడ వదిలించుకోవాలన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

అందుకు కేటాయించే చోటే విషశుద్ధి ప్రాంతం. ప్రమాదకర వ్యర్థాలున్న స్థలాల కోసం 1985లో అమెరికా ప్రభుత్వ సంస్థలు నాలుగు కలిసి వెలువరించిన మార్గదర్శిని, రసాయనం ఉన్న చోటును, నిర్వహణ సిబ్బంది ఉండే శుభ్రమైన చోటును విడదీసి, ఆ రెంటి నడుమ విషశుద్ధికి మరో జోన్‌ను ఉంచింది; వాడుకలో వీటిని వరుసగా హాట్, కోల్డ్, వార్మ్ జోన్లంటారు. వార్మ్ జోన్‌లో ముందు పైబూట్లు, పైగ్లవుజులు కడిగి తీస్తారు, ఆపైన రక్షణ దుస్తులు విప్పుతారు; విప్పేటప్పుడు అంటుకున్నది గాలిలోకి లేస్తుంది కనుక మాస్కు ఆ తరువాతే తీయాలి.

ఈ ప్రాంతం గాలి వచ్చే వైపున ఉండాలి. నైరుతి రుతుపవనాల కాలంలో అది చాలావరకు పడమటి దిక్కే అయినా, ఈశాన్య రుతుపవనాల వేళ గాలి తిరుగుతుంది కాబట్టి రెండో చోటు కూడా సిద్ధంగా లేని ప్రణాళిక సగం ఏడాదికే పనికివస్తుంది.

గాలికన్నా నేల విషయంలోనే ఏమరుపాటు ఎక్కువ. నల్లమల, ఎర్రమల కొండల మధ్య కుందూ లోయలో పరుచుకున్న నల్లరేగడి ఎండకు లోతుగా బీటలు వారుతుంది. కడిగిన నీటిని దాని మీద వదిలితే బీటల గుండా దిగిపోతుంది, వానకాలంలోనైతే వాగుల వెంట కుందూలో కలుస్తుంది. కాబట్టి అంచులెత్తిన మందపాటి పాలిథిన్ పట్టా పరిచి, ఆ నీటిని తొట్టిలోకి మళ్లించి, ప్రమాదకర వ్యర్థంగానే పరిగణించాలి. ఈ ఏర్పాటు లేని షవరు విషాన్ని తొలగించదు, చోటు మారుస్తుంది, అంతే.

ఈ అవసరం రసాయన కర్మాగారాలకే పరిమితం కాదు. నంద్యాల నుంచి కడప వెళ్లే జాతీయ రహదారి మీదున్న ఆళ్లగడ్డ శిల్పాలకు పేరుపొందిన ఊరు. రాతిని చెక్కే చోట లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ వ్యాధికి కారణమవుతుంది. ఆ ధూళి దుస్తులతోపాటు ఇంటికీ చేరుతుంది. కడుక్కునే వసతి, దుస్తులు భద్రపరిచే చోటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 42, 43 సెక్షన్లు చెప్పినా, చిన్న పనిశాలలు సాధారణంగా ఆ చట్టం పరిధిలోకి రాలేదు. అక్కడ మూడు జోన్లు అవసరం లేదు: ధూళిని గాలిగొట్టంతో ఊదకుండా తడిగుడ్డతో తుడవడం, పనిబట్టలను విడిగా ఉతకడం, గుమ్మం దగ్గర ఒక కొళాయి చాలు.