బ్లడ్ క్యాన్సర్ అంటే ఇక అంతేనా? కానే కాదు.. పిల్లల ప్రాణాలు నిలిపే దారి చూపింది మన భీమవరం శాస్త్రవేత్తే!

వీపనగండ్ల: పాత సినిమాల్లో బ్లడ్ క్యాన్సర్ అనగానే క్లైమాక్స్‌లో చావు ఖాయం. ఊళ్లల్లో ఇప్పటికీ చాలామంది అదే నమ్ముతున్నారు. "ఎట్లాగూ బతకడు, అప్పులెందుకు" అని పిల్లాడిని ఇంటికి తీసుకొచ్చేసేవాళ్లూ ఉన్నారు. కానీ లెక్క మారిపోయింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. డాక్టర్లు పొట్టిగా ఏఎల్ఎల్ అంటారు. ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన ప్రతి పది మంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది బతికి బయటపడుతున్నారు.

1948 వరకు చేతులెత్తేసిన జబ్బు

80 ఏళ్ల కిందట ఈ జబ్బు వస్తే పిల్లలు కొన్ని వారాలు, నెలల్లోనే చనిపోయేవాళ్లు. 1947 చివర్లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే కొత్త మందు వాడి చూశారు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఈ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. ఆ మెరుగుదల కొంతకాలమే నిలిచింది. అయినా ఈ జబ్బును మందుతో లొంగదీయొచ్చని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఆ మందు తయారు చేసింది లెడర్లీ ల్యాబ్‌లో యల్లాప్రగడ సుబ్బారావు టీమ్. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరులను పోగొట్టుకున్నారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ మీద పరిశోధన చేస్తూనే ఈ మందు దాకా వచ్చారు. 1948 ఆగస్టులో కన్నుమూశారు.

మందు ఎలా పనిచేస్తుంది?

క్యాన్సర్ కణాలు వేగంగా పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. ఈ మందు చూడటానికి అచ్చం దానిలాగే ఉంటుంది. తాళంలో డూప్లికేట్ చెవి ఇరుక్కుపోతే అసలు చెవి ఎలా పట్టదో, ఇదీ అంతే. కణం పెరగడం ఆగిపోతుంది. దీని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. నోటి మాత్రలైతే సాధారణంగా వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ప్రమాదం.

జ్వరం తగ్గింది కదా అని ఆపేస్తే?

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. మొదటి నెల ట్రీట్‌మెంట్‌తోనే చాలామంది పిల్లలు హుషారుగా అయిపోతారు. కానీ చేనులో తుంగను పైపైన కోస్తే గడ్డలు లోపలే ఉండి మళ్లీ మొలిచినట్టు, దాక్కున్న కణాలు మళ్లీ లేస్తాయి. అందుకే కోర్సు రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మధ్యలో మానేయడం వల్లే పేద దేశాల్లో ఎన్నో ప్రాణాలు పోతున్నాయి. 2030 నాటికి ప్రపంచమంతటా క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మందిని బతికించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో టార్గెట్ పెట్టుకుంది.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* రోజుల తరబడి తగ్గని జ్వరం
* ఒళ్లు పాలిపోవడం, బాగా నీరసం
* దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం
* కాళ్ల ఎముకల నొప్పి, కుంటుతూ నడవడం
* మెడలో గడ్డలు, పొట్ట ఉబ్బడం

ఇవి ఉన్నంత మాత్రాన క్యాన్సరేనని భయపడొద్దు. చాలాసార్లు వేరే కారణమే ఉంటుంది. ముందు సీబీపీ రక్త పరీక్ష చేయించండి. అనుమానం ఉంటే ఎముక మజ్జ పరీక్షతో తేలుస్తారు. ఏ జబ్బో తెలియకముందే జ్వరం తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. నొప్పులు తాత్కాలికంగా తగ్గి, అసలు జబ్బు కప్పుబడిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

వీపనగండ్ల చుట్టుపక్కల వాళ్లు ముందు ప్రభుత్వ డాక్టర్‌కు చూపించుకుని, వనపర్తి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్లొచ్చు. క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌కు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం 10 లక్షల రూపాయలకు పెంచింది. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కీమో జరుగుతున్న పిల్లలకు జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు. అప్పుడు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువగా ఉంటుంది. అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.