పండువెన్నెల్లో రెండు హత్యలు

గోథిక్ నవల అనగానే పాడుబడ్డ కోట, పొగమంచు, కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగే ఒంటరి అమ్మాయి కళ్ల ముందు మెదులుతారు. 1764లో హోరేస్ వాల్పోల్ సమకూర్చిన సరంజామా అది. రెండున్నర శతాబ్దాల్లో మారిందల్లా ఆ అమ్మాయి పాత్రే. అప్పట్లో భయపడి పరుగెత్తేది, ఇప్పుడు ఆగి ఆరా తీస్తోంది. సుజాతా మాసీ 2019లో రాసిన 'ది సతాపూర్ మూన్‌స్టోన్'నే తీసుకోండి. సహ్యాద్రి కొండల్లోని ఒక కల్పిత సంస్థానంలో పరదా చాటునున్న ఇద్దరు వితంతు రాణుల గొడవ తేల్చడానికి పర్వీన్ మిస్త్రీ అనే యువ న్యాయవాది వెళ్తుంది. మగ న్యాయవాదికి ఆ గుమ్మం దాటే వీల్లేదు కాబట్టే ఆమె వెళ్లాల్సి వస్తుంది. తెలుగులో ఇలాంటి చారిత్రక హత్యా నవల రాయాలంటే కథను ఎక్కడ నిలపాలన్నది ప్రశ్న. నా జవాబు నేటి గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ. అక్కడి టేకు అడవిని చూసి అంటున్న మాట కాదిది. ఆ గడ్డ మీద 1858 నాటి కేసు ఒకటి సగం తెరిచిన ఫైలులా ఇంకా అలాగే ఉంది.

చరిత్ర క్లుప్తంగా ఇదీ. 1854లో నాగపూర్ రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది, దాంతోపాటే చాందా (నేటి చంద్రపూర్) కూడా. 1858 మార్చిలో మొలంపల్లి జమీందారు, రాజ్‌గోండు యువకుడు బాబూరావు శేడ్మాకే రాజ్‌గఢ్ పరగణా మీద పడ్డాడు. అడపల్లి-ఘోట్ జమీందారు వెంకట్రావు అతనితో కలిశాడు. రోహిల్లాలూ గోండులూ వాళ్ల సైన్యం. చాందా డిప్యూటీ కమిషనర్ కెప్టెన్ క్రిక్టన్ వాళ్ల వెంటపడ్డాడు. సెప్టెంబరులో అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మనుషులు బాబూరావును పట్టి అప్పగించారు. అక్టోబరు 21న చాందాలో ఉరి.

ఈ కథలో నన్ను వదలని రాత్రి ఏప్రిల్ 29. ప్రాణహిత ఒడ్డున చించ్‌గొండి దగ్గర ముగ్గురు టెలిగ్రాఫ్ ఉద్యోగులు గుడారాలు వేసుకున్నారు. తిరుగుబాటుదారులు దాడి చేశారు. గార్ట్‌లాండ్, హాల్ చనిపోయారు. పీటర్ తప్పించుకుని క్రిక్టన్‌ను చేరాడు. ఇంగ్లిషు రికార్డులో ఈ ఘటనకు దక్కింది కొద్ది వాక్యాలే. నాసిరకం నవలాకారుడైతే ఇక్కడ కాటుక చీకటి దింపేస్తాడు. కానీ లెక్క వేసి చూడండి. అదే ఏడాది మార్చి 15న ఇంగ్లండ్‌లో సూర్యగ్రహణం కనిపించింది, అంటే ఆ రోజు అమావాస్య. అక్కడి నుంచి నెలన్నర లెక్కిస్తే ఏప్రిల్ 28, 29 తేదీలు వైశాఖ పౌర్ణమి పరిసరాల్లో పడతాయి. హత్యలు జరిగింది పండువెన్నెల్లో! పైగా నడివేసవి. ప్రాణహిత పాయలుగా చీలి, ఇసుక మేటలు బయటపడే కాలం. వెన్నెల్లో తెల్లని ఇసుక మీద మనిషి నీడ దూరం నుంచే తెలుస్తుంది. దాడికి వచ్చినవాళ్లు చీకటి కోసం ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ఎవరి కంటా పడమన్న ధీమానా, పడినా ఈ ఊళ్లలో ఎవరూ నోరు విప్పరన్న నమ్మకమా? బతికిన ఒక్క సాక్షి మొహాలు చూశాడా, చూసి పోల్చుకున్నాడా? ఈ ప్రశ్నల్లో ఉన్న భయం ఏ పొగమంచులోనూ లేదు.

ఇది హత్య కాదు, యుద్ధం, తిరుగుబాటు వీరుణ్ణి డిటెక్టివ్ కథలో ముద్దాయిని చేస్తారా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన అభ్యంతరమే. అయితే చించ్‌గొండిలో చంపిందెవరన్నది ఈ కేసులో అసలు చిక్కుముడి కాదు. ఆ ముడి అహేరిలో ఉంది. సాటి గోండు జమీందారును లక్ష్మీబాయి ఎందుకు అప్పగించింది? ఆ తర్వాత ఆమెకు బహుమతిగా దక్కినవి 67 గ్రామాలు. లాభం ఎవరికో వాళ్లదే పని అన్నది డిటెక్టివ్ కథల పాత సూత్రం. చాలామంది అక్కడే తీర్పు చెప్పి లేచిపోతారు. నాకు అది మింగుడు పడదు. ఆ గ్రామాలు బాబూరావువి కావు, వెంకట్రావువి. బాబూరావు పట్టుబడేనాటికి వెంకట్రావు ఇంకా దొరకనే లేదు. బస్తర్ వైపు పారిపోయిన అతనికి శిక్ష పడింది 1860లో. ముందే మాట ఇచ్చి ఉండొచ్చు, కాదనలేం. కానీ తర్వాత చేతికొచ్చిన బహుమతిని చూపి అంతకుముందు మనసులో ఉన్నదేమిటో రుజువు చేయలేం. క్రిక్టన్ ఆమె మీద ఒత్తిడి తెచ్చాడు. కాదంటే ఏం పోగొట్టుకునేదో, తన ఊళ్లకు ఏం ముంచుకొచ్చేదో ఆమె లెక్క వేసుకోకుండా ఉంటుందా?

ఆ లెక్క దొరల కాగితాల్లో ఉండదు. వాళ్లకు కావలసింది ఖైదీ, ఆమె నిద్ర పట్టని రాత్రులు కావు. అవి తెలిసింది లోగిట్లో వంట చేసినవాళ్లకు, తల దువ్వినవాళ్లకు, పక్క పరిచినవాళ్లకు. సాక్షులంతా ఆడవాళ్లయిన కేసులో మగ డిటెక్టివ్ వీధి అరుగు మీదే ఆగిపోతాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ అంటే నాకు ఇష్టమే, అయినా ఇక్కడ అతనికి పని లేదు. సిరొంచ ప్రాంతపు బామ్ని ఊరి పిల్ల ఒకర్తె కావాలి. ఇంట్లో తెలుగు, అడవిలో గోండీ, కచేరీ ముందు మరాఠీ అర్థమయ్యే పదహారేళ్ల పిల్ల. ఈ ఎల్లలో మూడు భాషలు చెవిన పడుతూ పెరగడం ఇప్పటికీ వింత కాదు. ఆ కాలంలో ఆడపిల్ల ఆరా తీయడమేమిటి, నమ్మేలా ఉంటుందా అంటారేమో. జమీందారీ నడిపి, సైన్యం పంపి, ఖైదీని పట్టించింది ఒక స్త్రీ అని రికార్డే చెబుతోంటే, మరో స్త్రీ ఆమెను ఒక ప్రశ్న అడగడం నమ్మశక్యం కాకుండా పోతుందా? అయితే ఆ పిల్లకు చట్టం చదివిన నేటి తరం నాలుక తగిలించకూడదు. బిందె దించుతూ, బియ్యం చెరుగుతూ అడగగలిగినవే అడగాలి. రచయితకు అసలు పరీక్ష అదే.

మరికొంత

ఉరితాడు పదేపదే తెగిందని బాబూరావు మీద జనం కథలు చెప్పుకుంటారు. గోథిక్ కథలో ఆ నమ్మకానికీ చోటుండాలి, దాన్ని కొట్టిపారేయకుండానే. చంద్రపూర్ జైలులో ఆయన స్మృతికి ఏటా అక్టోబరు 21న నివాళులర్పిస్తారు. తపాలాశాఖ 2009లో ఆయన పేర స్టాంపు తెచ్చింది. సిరొంచను నిజాం 1860లో బ్రిటిష్‌వారికి వదులుకున్నాక అది ఎగువ గోదావరి జిల్లా కేంద్రమైంది. గడ్చిరోలి విడి జిల్లాగా ఏర్పడింది 1982లో.