బౌన్సయిన చెక్కు: ముందు చూడాల్సింది క్యాలెండర్

మొక్కజొన్న అమ్మిన ఓ రైతుకు వ్యాపారి రెండు లక్షల చెక్కు ఇచ్చాడనుకుందాం. బ్యాంకులో వేస్తే మార్చి 3న తిరిగొచ్చింది. చెక్కుకు పిన్ను గుచ్చి ఓ చిన్న కాగితం, అందులో ఖాతాలో సరిపడా సొమ్ము లేదన్న కారణం. దీన్నే రిటర్న్ మెమో అంటారు. రైతు ఆ రెండూ పట్టుకుని పోలీసు స్టేషన్‌కు పరుగెత్తుతాడు. ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పే మాట అదే మరి.

చెక్కు బౌన్సవడం నేరమే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో చేర్చిన 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ ఈ సెక్షన్ కింద పోలీసులు కేసు కట్టరు. సొమ్ము రావాల్సినవారే మేజిస్ట్రేటు కోర్టులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసుకోవాలి. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని ఆధారాలుంటే పోలీసుల దగ్గర చీటింగ్ కేసు పెట్టవచ్చు. అది వేరే దారి.

స్టేషన్ చుట్టూ తిరిగేలోపు గడువు కరిగిపోతుంది. మెమో అందిన 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 2 లోగా, చెక్కు సొమ్ము చెల్లించమంటూ నోటీసు పంపాలి. అది వ్యాపారికి ఏప్రిల్ 10న అందితే 25 దాకా అతనికి 15 రోజుల వ్యవధి. అప్పటికీ ఇవ్వకపోతే మే 26 లోగా కోర్టులో ఫిర్యాదు పడాలి. తొందరపడి ఆ 15 రోజులు నిండకముందే వేసినా ఫిర్యాదు చెల్లదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును ఒప్పించాలి.

‘నోటీసు తీసుకోకపోతే కేసే ఉండదు’ అనుకునేవారు కొల్లలు. సరైన చిరునామాకు పోస్టులో పంపితే అందినట్టే చట్టం భావిస్తుంది. తలుపు తాళం వేసి ఉందని రాసి వెనక్కొచ్చిన కవరును చించకుండా దాచుకోవాలి, అదే సాక్ష్యం. స్టాప్ పేమెంట్ పెడితేనో, ఖాతా మూసేస్తేనో తప్పించుకోవచ్చన్న ఆశ కూడా వట్టిదే. 1998, 1999 తీర్పుల్లోనే సుప్రీంకోర్టు ఆ రెండు దారులూ మూసేసింది.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచుతున్నది ఖాళీ చెక్కు. ‘సంతకం ఒక్కటే నాది, అంకెలు వాళ్లు వేసుకున్నారు’ అన్నంత మాత్రాన బయటపడలేరు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కును వేరొకరు నింపినా 138 వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ ఉందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. లేదని చూపాల్సింది సంతకం చేసినవారు. అలాగని అప్పు తీసుకున్నవారికి రక్షణే లేదనుకోవడమూ పొరపాటే. చెక్కు ఇచ్చాక బాకీలో కొంత తీర్చినా, అది చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికే బ్యాంకులో వేస్తే ఆ కేసు నిలవదని 2022లో అదే కోర్టు స్పష్టం చేసింది. అందుకే కంతు కట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి. మొహమాటపడితే నష్టపోయేది కట్టినవారే.

కేసు వేయగానే డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం మాత్రం బాధాకరమైన అపోహ. 2019 డిసెంబరు నాటికి దేశంలో ఇలాంటి కేసులే 35 లక్షలకు పైగా పెండింగులో ఉన్నాయి. 2018 సవరణ వల్ల విచారణ సాగుతుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం అడగవచ్చు, ఇవ్వడం మేజిస్ట్రేటు విచక్షణ. ఏ దశలోనైనా రాజీ పడవచ్చు. ఎంత ఆలస్యంగా రాజీకొస్తే అంత ఎక్కువ ఖర్చు కట్టాల్సి వచ్చేలా సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలిచ్చింది.

138 గడువు దాటిపోయిన రైతుకూ సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉంటుంది. చెక్కు ఆధారంగా సమ్మరీ దావా వేయవచ్చు, అందులో ప్రతివాది కోర్టు అనుమతి లేకుండా వాదనకు దిగలేడు. గడువు సాధారణంగా మూడేళ్లు. మొక్కజొన్న తూచిన రోజు కాటా దగ్గర ఇచ్చిన చీటీ ఇంట్లో ఏ మూలనున్నా వెతికి, చెక్కు, మెమోలతో కలిపి లాయరుకు చూపాలి.